గోడ పడకముందే రాయాల్సిన లెక్క: యుద్ధంలో డుబ్రోవ్నిక్ నగరం

(వాస్తుశిల్ప విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ముందు వరసల్లో వాస్తుశిల్పం చదువుతున్న పిల్లలు కనిపిస్తున్నారు. వెనక పాత కట్టడాల మరమ్మతుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన పెద్దలు కూర్చున్నారు. నేను చెప్పబోయే సంగతి ఈ ఇద్దరికీ కావాల్సిందే. యుద్ధం వచ్చినప్పుడు చారిత్రక నగరాన్ని ఎలా కాపాడుకోవాలి అని నన్ను మాట్లాడమన్నారు. పది దేశాల పేర్లు చెప్పి మిమ్మల్ని తికమక పెట్టను. ఒక్క ఊరిని పట్టుకుని మాట్లాడతాను. ఆ ఊరు డుబ్రోవ్నిక్. క్రొయేషియా దేశంలో, ఆడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉంది.

ముందు ఊరి స్వరూపం చూద్దాం. 1358 నుంచి 1808 వరకు అది రగూసా పేరుతో దాదాపుగా తన పాలన తానే చూసుకున్న చిన్న గణరాజ్యం. ఓడ వ్యాపారం మీద బతికింది. చుట్టూ సుమారు రెండు కిలోమీటర్ల ప్రాకారం ఉంది. కొన్నిచోట్ల గోడ ఎత్తు 25 మీటర్లు. భూమి వైపు గోడ మందం ఆరు మీటర్ల దాకా ఉంటుంది. 1667లో పెద్ద భూకంపం వచ్చి ఊరు చాలావరకు కూలిపోయింది. ఇవాళ మనం చూసే స్ట్రాడున్ అనే పెద్దవీధి, దానికి రెండు పక్కలా ఒకే తీరున నిలబడ్డ ఇళ్లు, ఆ భూకంపం తర్వాత కట్టినవే. భూకంపాన్ని తట్టుకుని నిలబడ్డ కొన్నింటిలో స్పొన్జా భవనం ఒకటి. నగరం పాత దస్తావేజులన్నీ ఇప్పుడు అందులోనే ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించండి. ఆ ఊరి ఫొటో చూసిన వాళ్లంతా రాతి నగరం అంటారు. బయట గోడలు రాయే. కానీ లోపల అంతస్తులకు దూలాలు చెక్కవి. పైకప్పు వాసాలు చెక్కవి. వాటి మీద మట్టి పెంకులు. అంటే పైనుంచి ఫిరంగి గుండు పడితే పెంకును చీల్చుకుని నేరుగా చెక్క మధ్యలోకి వెళుతుంది. అక్కడి నుంచి ఆ ఇంటికి ముప్పు గుండు వల్ల కాదు, మంట వల్ల. కప్పు కాలుతుంది, కాలిన దూలాలు కింది అంతస్తు మీద పడతాయి, అది కాలుతుంది. చివరికి నాలుగు గోడలు మిగిలి, మధ్యలో బూడిద మిగులుతుంది. రాతి ఊరిని నిప్పు ఎలా తింటుందో అర్థమైతేనే దాన్ని కాపాడే ఉపాయం తడుతుంది.

ఇక 1979కి వద్దాం. ఆ ఏడాది పాత నగరాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అదే ఏడాది ఏప్రిల్ 15న పక్కనున్న మాంటెనెగ్రో తీరంలో భూకంపం వచ్చింది. డుబ్రోవ్నిక్ ఇళ్లు చాలావాటికి పగుళ్లు పడ్డాయి. బాగుచేయడానికి ఒక ప్రత్యేక సంస్థను పెట్టారు. డుబ్రోవ్నిక్ పునరుద్ధరణ సంస్థ అంటారు దాన్ని. వాళ్లు ఇల్లిల్లూ తిరిగి కొలతలు తీశారు. ప్లానులు గీశారు. ఏ గోడ ఏ శతాబ్దానిది, దూలం ఎక్కడ కూర్చుంది, ఎక్కడ పగులుంది అని రాసి పెట్టుకున్నారు. ఈ పని జరిగింది భూకంపం భయంతో. యుద్ధం వస్తుందని ఎవరూ అనుకోలేదు. అనుకోకపోవడానికి కారణం కూడా ఉంది. అప్పట్లో క్రొయేషియా యుగోస్లావియా దేశంలో ఒక భాగం. ఈ ఊరు ఎప్పుడూ యుద్ధానికి గురికాకూడదనే ఉద్దేశంతో 1970ల మొదట్లోనే యుగోస్లావియా సైన్యం తన దండును డుబ్రోవ్నిక్ నుంచి తీసేసింది. ఊరిని కాపాడుదామని దండు తీసేసిన సైన్యమే తర్వాత దాని మీద గుండ్లు వేసింది.

1991 జూన్‌లో క్రొయేషియా స్వతంత్రం ప్రకటించుకుంది. అక్టోబర్ 1న యుగోస్లావ్ పీపుల్స్ ఆర్మీ, అంటే ఆ యుగోస్లావియా సైన్యమే, డుబ్రోవ్నిక్ ప్రాంతం మీద దాడి మొదలుపెట్టింది. మొదటి రోజుల్లోనే ఊరికి నీళ్లు, కరెంటు ఆగిపోయాయి. భూమి మీది దారులన్నీ మూసుకుపోయాయి. సముద్రం వైపు నౌకాదళం కాపు కాసింది. చుట్టుపక్కల పల్లెల నుంచి ఇళ్లు వదిలి వేలమంది ఊళ్లోకి వచ్చారు. వాళ్లలో ఎంతోమంది పాత నగరం గోడల లోపలికి చేరుకున్నారు. కారణం తెలుసా? ఇది ప్రపంచ వారసత్వ నగరం, దీని మీద ఎవరూ గుండు వేయరు అని నమ్మారు. పాత కోటల్లో, నేలమాళిగల్లో తలదాచుకున్నారు. ఆరు వందల ఏళ్ల కిందట కట్టిన గోడలు మళ్లీ జనానికి నీడనిచ్చాయి. మనుషులు చస్తుంటే రాళ్ల గొడవ దేనికి అని అడిగేవాళ్లు ప్రతి సభలోనూ ఉంటారు, వాళ్లు అడగడం తప్పు కాదు. నేను చెప్పేది ఒకటే. ఆ రాళ్లూ ఆ మనుషులూ విడివిడిగా లేరు. ఆ ఇళ్లలో కాపురాలున్నాయి. ఆ గోడల వెనక పసిపిల్లలున్నారు.

అక్టోబర్, నవంబర్, ఈ రెండు నెలల్లో ఊరివాళ్లు చేసిన పని చూడండి. 1418 నాటి ఓర్లాండో స్తంభం చుట్టూ చెక్కలు బిగించారు. విగ్రహాల ముందు, ద్వారాల ముందు బల్లలు అడ్డం పెట్టారు. కదిలించగలిగిన బొమ్మలను, పుస్తకాలను కిందికి దించారు. ముఖ్యమైన కట్టడాల మీద నీలం, తెలుపు కవచం గుర్తున్న జెండాలు ఎగరేశారు. సాంస్కృతిక సంపదను గుర్తించమని 1954 హేగ్ ఒడంబడిక చెప్పిన గుర్తు అది. యునెస్కో జెండా కూడా ఎగిరింది. పాత నగరం లోపల ఆయుధాలు ఉండకూడదని ఊరి రక్షకులు నియమం పెట్టుకున్నారు. ఈ చివరిది చాలా ముఖ్యం, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

అక్టోబర్ 23న పాత నగరం మీద గుండ్లు పడ్డాయి. నవంబర్ రెండోవారంలో ఇంకా ఎక్కువ పడ్డాయి. నవంబర్ నెలాఖరుకు యునెస్కో ఇద్దరు పరిశీలకులను పంపింది. వాళ్లు ఊళ్లోనే ఉన్నారు. డిసెంబర్ 5న కాల్పుల విరమణ మీద రెండు పక్షాలకూ ఒప్పందం కుదిరింది. మరునాడు సంతకాలు కావాలి.

ఆ మరునాడు, 1991 డిసెంబర్ 6. తెల్లవారకముందే మొదలైంది. ఊరి వెనక స్ర్జ్ అనే కొండ ఉంది. ఆ కొండ మీది కోటను పట్టుకోవడానికి సైన్యం దాడి చేసింది. దానితో పాటే పాత నగరం మీద మోర్టార్లు కురిశాయి. సాయంత్రం దాకా ఆగలేదు. పైకప్పులు అంటుకున్నాయి. పంపుల్లో నీళ్లు లేవు. రెండు నెలలుగా నీళ్లు ఆపేసిన ఊళ్లో మంటలు లేస్తే ఏం చేస్తారు? వీధిలోకి బయటికొస్తే గుండు. లోపలుంటే మంట. తొమ్మిది భవనాలు పూర్తిగా కాలిపోయాయి. అంతర విశ్వవిద్యాలయ కేంద్రం గ్రంథాలయం బూడిదైంది. ఒనోఫ్రియో ఫౌంటెన్ చిట్లింది. ఫ్రాన్సిస్కన్ మఠం మీద గుండు మీద గుండు పడింది. 1317లో పెట్టిన మందుల శాల ఉన్న మఠం అది. పావో ఉర్బన్ అనే ఫొటోగ్రాఫర్ ఆ రోజు వీధుల్లో తిరుగుతూ ఫొటోలు తీస్తున్నాడు. అతనికి 23 ఏళ్లు. పాత నగరంలోనే గుండు ముక్క తగిలి చనిపోయాడు. అతని చివరి ఫొటోలు మిగిలాయి. వాటిలో ఖాళీ వీధి, పొగ, పగిలిన రాయి ఉన్నాయి.

ఆ పొగ ఎక్కడిదని ప్రపంచం అడిగితే, ఊరివాళ్లే టైర్లు తగలబెట్టి ఇళ్లు కాలుతున్నట్టు చూపిస్తున్నారని ముట్టడి చేసినవాళ్ల వైపు నుంచి ప్రచారం జరిగింది. ఈ మాట గుర్తుంచుకోండి. యుద్ధంలో కట్టడంతో పాటు అది కూలిందన్న నిజం కూడా దాడికి గురవుతుంది.

1991, 92 సంవత్సరాల్లో మొత్తం మీద పాత నగరంలోని 824 భవనాల్లో 563 దెబ్బతిన్నాయి. నూటికి అరవై ఎనిమిది. ఎక్కువ దెబ్బలు కప్పుల మీదే పడ్డాయి. 1991లోనే యునెస్కో ఈ ఊరిని ప్రమాదంలో ఉన్న వారసత్వ జాబితాలో పెట్టింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. నీలి కవచం జెండా ఎగురుతుండగానే గుండ్లు పడ్డాయి కదా, మరి ఆ జెండా దేనికి? ఒడంబడిక దేనికి? ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వేధించింది. నాకు దొరికిన జవాబు చెబుతాను.

జెండా గుండును ఆపలేదు. ఏ జెండా ఆపలేదు. కానీ జెండా ఒక పని చేసింది. తెలియక వేశాం అనే మాటకు చోటు లేకుండా చేసింది. కొండ మీద నిలబడ్డవాడికి కింద ఎగిరే జెండా కనిపిస్తుంది. కనిపించాక కూడా వేశాడంటే అది తెలిసి చేసిన పని అవుతుంది. తెలిసి చేసిన పనికి శిక్ష ఉంటుంది. హేగ్ ఒడంబడికలో ఒక కన్నం ఉంది, అది కూడా చెప్పాలి. సైనిక అవసరం తప్పనిసరి అయితే రక్షణ వదులుకోవచ్చు అంటుంది. ఏ సైన్యం తన అవసరం తప్పనిసరి కాదని ఒప్పుకుంటుంది చెప్పండి? అందుకే ఊళ్లో ఆయుధాలు పెట్టకూడదన్న నియమం అంత విలువైంది. లోపల తుపాకీ ఉంటే, ఆ తుపాకీ కోసం వేశాం అంటాడు. లోపల ఏమీ లేకపోతే చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. కాపాడాల్సిన బాధ్యత దాడి చేసేవాడి ఒక్కడిదే కాదు. తన కట్టడాన్ని యుద్ధ స్థావరంగా వాడుకోకుండా ఉండాల్సిన బాధ్యత ఊరిని కాచుకునేవాడిది కూడా. ఒడంబడిక నాలుగో అధికరణం ఈ రెండు మాటలనూ ఒకేచోట చెప్పింది.

తర్వాత కోర్టులో ఏం జరిగిందో చూడండి. పూర్వ యుగోస్లావియా కోసం హేగ్‌లో పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్‌లో ఇద్దరు అధికారుల మీద కేసు నడిచి తీర్పు వచ్చింది. నౌకాదళ అధికారి మియోద్రాగ్ యోకిచ్ 2003లో నేరం ఒప్పుకున్నాడు. 2004 మార్చిలో ఏడేళ్ల శిక్ష పడింది. ఆ దాడి చేసిన దళాల అధిపతి పావ్లె స్ట్రుగర్ ఒప్పుకోలేదు. విచారణ జరిగి 2005 జనవరిలో ఎనిమిదేళ్లు వేశారు, అప్పీలులో 2008లో ఏడున్నరకు తగ్గించారు. పాత నగరం మీద గుండ్లు వేయమని స్ట్రుగర్ ఆజ్ఞ ఇచ్చాడన్నది రుజువు కాలేదు. అయినా శిక్ష పడింది. ఎందుకంటే కొండ మీద దాడికి ఆజ్ఞ ఇచ్చినవాడు అతనే. తన కింద పనిచేసేవాళ్లు పాత నగరాన్ని కొడుతుంటే ఆపగలిగి కూడా ఆపలేదు. తర్వాత వాళ్లను శిక్షించనూ లేదు. ఆ రోజు పాత నగరంలో సైనిక లక్ష్యం ఏదీ లేదని న్యాయమూర్తులు తేల్చారు.

ఈ తీర్పులో నన్ను కదిలించింది శిక్ష ఎన్నేళ్లన్నది కాదు. న్యాయమూర్తులు భవనం భవనంగా నడిచారు. అభియోగ పత్రంలో వందకు పైగా కట్టడాల పేర్లున్నాయి. ఫలానా వీధి, ఫలానా నంబరు ఇల్లు, డిసెంబర్ 6న పడిన గుండు వల్లే దెబ్బతిన్నదా, అంతకుముందు దెబ్బా, ఎవరు చూశారు, ఏ కాగితం ఉంది అని ఒక్కోదాన్నీ అడిగారు. చివరికి 52 కట్టడాల విషయంలో రుజువైంది. ఆ రుజువులు ఎక్కడి నుంచి వచ్చాయి? దాడి తర్వాత యునెస్కో పరిశీలకులు, ఊరి సంరక్షకులు కలిసి వీధి వీధి తిరిగి రాసిన నివేదిక నుంచి, తీసిన ఫొటోల నుంచి. ఆ పరిశీలకుల్లో ఒకరైన కాలిన్ కైజర్ హేగ్‌కు వెళ్లి సాక్ష్యం చెప్పారు. ఈ దెబ్బ కొత్తది అనాలంటే నిన్నటి దాకా ఆ గోడ ఎలా ఉందో తెలియాలి. అది 1979 నుంచి రాసుకున్న కాగితాల్లో ఉంది. భూకంపం కోసం గీసిన బొమ్మ యుద్ధ నేరానికి సాక్ష్యానికి ఆసరా అయింది. టైర్ల కథ అక్కడ నిలబడలేదు.

ఇదే నేను మీకు చెప్పాలనుకున్న మాట. యుద్ధంలో నగరాన్ని కాపాడే పని ఎక్కువ భాగం యుద్ధానికి ముందే అయిపోవాలి. యుద్ధం వచ్చాక చేసేది కొంచెమే. ఇసుక బస్తాలు వేస్తాం, బల్లలు కొడతాం, బొమ్మలు దించుతాం. అది కావాలి, కాదనను. కానీ 824 భవనాలకు బల్లలు కొట్టలేం. కాగితం మాత్రం అన్నిటికీ రాయగలం. హేగ్ ఒడంబడిక మూడో అధికరణం కూడా శాంతికాలంలోనే సిద్ధం కావాలి అని దేశాలకు చెప్పింది. మన దేశం 1958లో అందులో చేరింది.

ఇక మరమ్మతుల సంగతి. ఇది మీ వృత్తి కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. నష్టం సుమారు కోటి డాలర్లని లెక్క వేశారు. కానీ డబ్బు కన్నా పెద్ద చిక్కు పెంకుల దగ్గర వచ్చింది. పాత పెంకులు చేత్తో చేసినవి. ఒక్కోటి ఒక్కో రంగు. లేత గులాబీ, ఇసుక పసుపు, మట్టి గోధుమ. వందల ఏళ్ల ఎండ, ఉప్పుగాలి తిన్న రంగులు. ఊరి దగ్గర కుపారిలో ఒకప్పుడు ఆ పెంకులు కాల్చేవాళ్లు. యుద్ధం నాటికి ఆ బట్టీలు ఎప్పుడో మూతబడ్డాయి. లక్షల పెంకులు కావాలి, చేసేవాళ్లు లేరు. ఫ్రాన్సు నుంచి, స్లోవేనియా నుంచి తెప్పించారు. ఆకారం దగ్గరగా ఉంది, రంగు మాత్రం ఒకే ఎరుపు. ఇవాళ మీరు ప్రాకారం మీద నడిచి కిందికి చూస్తే ఏ ఇంటి కప్పు యుద్ధంలో పోయిందో పెంకులే చెబుతాయి. వెలిసిన కప్పులు పాతవి, ఎర్రగా మెరిసేవి కొత్తవి. మెరిసేవే ఎక్కువ.

ఇది లోపమా? నా అభిప్రాయం, కాదు. కొత్త పెంకుకు రంగు వేసి పాతదిగా నటింపజేయడం తేలిక. వాళ్లు అలా చేయలేదు. నాకు అదే సరైన పని అనిపిస్తుంది. యోకిచ్ తీర్పులో న్యాయమూర్తులు కూడా ఇలాంటి మాటే అన్నారు. ఇలాంటి కట్టడాలను బాగుచేయగలిగినా అవి దాడికి ముందున్న స్థితికి ఎన్నటికీ రావని, అసలు పదార్థం కొంత శాశ్వతంగా పోయిందని రాశారు. బాగు చేశారు కదా, ఇంక నేరం ఏముంది అనే వాదనకు అది జవాబు. కాలిన తొమ్మిది భవనాల్లో గోడలు నిలబెట్టారు, దూలాలు వేశారు, అంతస్తులు వేశారు. పాత కొలతలున్నాయి కాబట్టి ఎక్కడి కిటికీ అక్కడే వచ్చింది. దానితో పాటు భూకంపానికి తట్టుకునేలా లోపల బలం కూడా ఇచ్చారు. 1998లో యునెస్కో ఈ ఊరిని ప్రమాద జాబితా నుంచి తీసేసింది.

ఇదే యుద్ధంలో అన్ని ఊళ్లకూ ఈ అదృష్టం లేదు. తూర్పు క్రొయేషియాలోని వుకోవర్ నగరం 1991 నవంబర్‌లో నేలమట్టమై శత్రువు చేతిలో పడింది. డుబ్రోవ్నిక్ కోసం ప్రపంచం గొంతెత్తినంతగా వుకోవర్ కోసం ఎత్తలేదు. అక్కడ చచ్చిపోయినవాళ్లు చాలా ఎక్కువ. పేరున్న ఊరికే కన్నీళ్లు కార్చే అలవాటు మనకు ఉంటే, అది మార్చుకోవాలి.

మన దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద ఈ కాలంలో అలాంటి ముట్టడి జరగలేదు, జరగకూడదనే కోరుకుందాం. కానీ కాగితం విలువ ఏమిటో మనకు బాగా తెలుసు. అమరావతి మహాచైత్యం చూడండి. దాన్ని ఏ సైన్యమూ పేల్చలేదు. సున్నపురాతి పలకలు ఊడదీశారు, కొన్ని సున్నం కోసం కాల్చేశారు, మిగిలినవి మద్రాసుకూ లండన్‌కూ చేరాయి. 1816, 17 ప్రాంతంలో సర్వే అధికారి కాలిన్ మెకంజీ మనుషులు అక్కడ కూర్చుని గీసిన బొమ్మలు మాత్రం ఉన్నాయి. ఇవాళ లేని రాళ్లు ఎన్నో ఆ బొమ్మల్లోనే ఉన్నాయి. చైత్యం రూపం గురించి పండితులు వాదించుకోవాలన్నా ఆ బొమ్మలే దిక్కు. ఇంకో మంచి ఉదాహరణ ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోవాల్సిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. రాయికి అంకె వేసి, వరస రాసుకుని, కొలత తీసుకున్నారు కాబట్టే అది సాధ్యమైంది. మునక వస్తున్నా, మంట వస్తున్నా చేయాల్సిన తొలి పని ఇదే. మన మేస్త్రీలకు, స్థపతులకు ఈ విద్య వచ్చు. మనకు లేనిది అలవాటు. ఆపద కళ్లముందు కనిపించేదాకా కొలతల టేపు బయటికి తీయం.

మన దేశంలో యుద్ధ కాలపు జాగ్రత్తలు కూడా జరిగాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తాజ్‌మహల్ గుమ్మటం చుట్టూ వెదురు కట్టారు. 1971లో గుడ్డలు కప్పి పైనుంచి కనిపించకుండా చేశారు. అప్పటి విమానం కంటితో చూసి బాంబు వేసేది కాబట్టి ఆ ఉపాయం పనికొచ్చింది. ఇవాళ ఆయుధానికి అంకెల్లో స్థలం చెబుతారు, గుడ్డ కప్పితే మోసపోదు. అందుకే ఇప్పుడు రక్షణ మరో దిక్కుకు తిరిగింది. ఏయే చోట్ల వేయకూడదో జాబితా చేసి, ఆ అంకెలను సైన్యాల చేతికి ముందే ఇవ్వడం. ఇందులో ప్రమాదం లేకపోలేదు. చెడు బుద్ధి ఉన్నవాడికి అదే గురిపెట్టే జాబితా అవుతుంది. అయినా ఇవ్వడమే మేలని నేను అంటాను. దాచిపెట్టిన గుడి కూలితే పొరపాటున వేశాం అంటాడు. చెప్పిన గుడి కూలితే అనలేడు.

డుబ్రోవ్నిక్, పక్కనున్న బోస్నియా యుద్ధంలో కూలిన మోస్తార్ వంతెన, కాలిన సారయేవో గ్రంథాలయం, ఇవన్నీ చూశాకే 1999లో హేగ్ ఒడంబడికకు రెండో ప్రోటోకాల్, అంటే అనుబంధ ఒప్పందం, రాశారు. సైనిక అవసరం అనే కన్నాన్ని కొంత మూశారు. ప్రత్యేకంగా ఎంచిన కట్టడాలకు అదనపు రక్షణ ఇచ్చారు. నేరం ఏదో, శిక్ష ఎవరికో స్పష్టం చేశారు. 2012లో మాలీ దేశపు టింబక్టులో పాత సమాధి మందిరాలను పగలగొట్టించినవాడికి 2016లో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు తొమ్మిదేళ్ల శిక్ష వేసింది. కేవలం కట్టడాల ధ్వంసం మీదే నడిచిన కేసు అది. ఆ మందిరాలను మళ్లీ కట్టింది టింబక్టు మట్టి మేస్త్రీలే. ఉక్రెయిన్‌లో ల్వివ్ నగరం 2022లో తన కూడలి ఫౌంటెన్ల విగ్రహాలకు గుడ్డలు చుట్టింది. చర్చీల రంగు అద్దాలకు రేకులు బిగించింది. ఒడెస్సాను 2023 జనవరిలో ప్రపంచ వారసత్వ జాబితాలోకీ, ప్రమాద జాబితాలోకీ ఒకేసారి చేర్చారు. జూలైలో అక్కడి పెద్ద కెథడ్రల్ మీద క్షిపణి పడింది. చూశారు కదా, జాబితా ఇప్పటికీ గుండును ఆపదు. కానీ అక్కడ ప్రతి దెబ్బనూ అదే రోజు రాసుకుంటున్నారు, ఫొటో తీస్తున్నారు, తేదీ వేస్తున్నారు. డుబ్రోవ్నిక్ చూపిన దారి అది.

నేను చెప్పాల్సింది దాదాపు అయింది. ప్రశ్నలుంటే అడగండి.

(మరమ్మతుల తర్వాత ఆ ఊరి జనం ఇప్పుడు ఎలా ఉన్నారని ఒక శ్రోత అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారండి. బాధ కలిగించే జవాబు కూడా. యుద్ధానికి ముందు పాత నగరంలో సుమారు ఐదు వేలమంది కాపురం ఉండేవాళ్లు. ఇప్పుడు రెండు వేలకు లోపే. గుండ్లు వాళ్లను తరమలేదు. ముట్టడిలో పట్టుకుని కూర్చున్నారు. తరిమింది పర్యాటకం. ఇల్లు అద్దె గది అయింది, కూరగాయల కొట్టు జ్ఞాపికల కొట్టు అయింది. ఎండాకాలంలో పెద్ద ఓడల నుంచి దిగే జనంతో వీధిలో కాలు పెట్టే చోటుండదు. ముట్టడిలో మంటలార్పినది ఆ కాపురాలవాళ్లు. ఏ ఇంటి కింద నీటితొట్టి ఉందో, ఏ మెట్ల మీంచి కప్పెక్కొచ్చో వాళ్లకే తెలుసు. అద్దెకు దిగిన యాత్రికుడికి తెలియదు. కాబట్టి జనం వెళ్లిపోవడాన్ని కూడా నేను రక్షణలో పడ్డ కన్నంగానే లెక్కపెడతాను. ఊరి పాలకులు ఓడల సంఖ్యకు హద్దు పెట్టే ప్రయత్నాలు చేస్తున్నారు. అది చాలదని నా అభిప్రాయం. ఇళ్లలో మనుషులుండేలా చూడాలి.

(ఇప్పుడు లేజర్ స్కానింగ్, డ్రోన్లు వచ్చాక చేత్తో కొలతలు తీయడం ఎందుకని ఒక విద్యార్థిని అడిగారు.)

అమ్మా, స్కాన్ తప్పకుండా చేయండి. మనిషి నెల రోజులు తీసే కొలతలు అది ఒక పూటలో తీస్తుంది. కానీ అది గోడ పైభాగాన్నే చూస్తుంది. గోడ లోపల ఏ సున్నం, ఎంత ఇసుక, దూలం చివర గోడలోకి ఎంత దూరం వెళ్లింది, కిందటి మరమ్మతులో సిమెంటు ఎక్కడ పూశారు, ఇవి దానికి కనిపించవు. అవి మేస్త్రీని అడిగి, గోడ తట్టి చూసి, చేత్తో రాయాలి. రెండూ కావాలి.

ఇంకో మాట. తీసినదాన్ని ఎక్కడ పెడతారన్నది తీసినంత ముఖ్యం. సారయేవోలో ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ అని ఉండేది. 1992 మేలో గుండ్లు పడి కాలిపోయింది. ఐదు వేలకు పైగా చేతిరాత గ్రంథాలు ఒక్క రాత్రిలో పోయాయి. తర్వాత పండితులు ప్రపంచమంతా వెతికారు. అంతకుముందు ఎవరైనా పరిశోధకులు తమ పని కోసం తీసుకెళ్లిన మైక్రోఫిల్ములు, జిరాక్సు కాపీలు ఉన్నాయేమోనని. కొన్ని దొరికాయి. అసలు కాలిపోయిన పుస్తకాలకు ఇప్పుడు అవే ఆధారం. మీ కాలేజీలో పాత ఇళ్ల కొలతలు తీసే ప్రాజెక్టు చేస్తున్నారని విన్నాను. వాటి ప్రతులు ఒకటి ఇక్కడ ఉంచండి, ఒకటి ఇంకో ఊళ్లో ఉంచండి, ఒకటి ఆ ఇంటి యజమాని చేతికివ్వండి. కాగితం మీద తేదీ, కొలిచినవాళ్ల పేరు, ఆ రోజు కనిపించిన ప్రతి పగులూ రాయండి. ఆ ప్లానుల్లో కొన్నింటి మీద తేదీ కనిపించలేదు నాకు. ఈ వారంలోనే వేసేయండి.